కాగితం చుట్టని మాత్రలు

అశ్వారావుపేట దాటి అడవి వైపు వెళ్లే రోడ్డు మీద ఏ ఊళ్లోనైనా ఆగి అడగండి. పదో తరగతి పిల్ల చదువు ఆగిపోకుండా, ఊరినంతా ఎదిరించి నిలబెట్టిన మొనగాడు ఎవరంటే నన్నే చూపిస్తారు. ఆ పిల్ల తండ్రితో గంటసేపు మాట్లాడి ఒప్పించాను. పామాయిల్ గెలలతో పోతున్న ట్రాక్టర్లు మా మెడికల్ షాపు ముందు బారులు తీరి ఆగిపోయాయి, నా మాటలు వినడానికి.

సరే, బారులు తీరలేదు. ఒక్కటి ఆగింది. దాని డ్రైవరుకు తలనొప్పి.

షాపు కూడా నాది కాదు, మా కోడలిది. ఫార్మసీ చదివింది. నేను గల్లా దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతాను. దాన్ని నేను వ్యాపారం అంటాను, ఆమె అడ్డం అంటుంది.

ఆ పిల్లది లోపలి గూడెం. హాస్టల్లో ఉండి చదివేది. నెలసరి వస్తే ఒక పట్టాన ఆగేది కాదు. పొద్దున ప్రార్థనలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయేది. తల్లి భద్రాచలం దవాఖానాకు తీసుకెళితే, డాక్టరమ్మ పరీక్షలు చేసి రక్తం పట్టడానికి ఒక రకం, నెలసరి అదుపులోకి రావడానికి ఇంకో రకం మాత్రలు రాసింది. ఆ రెండో రకం, పెళ్లయినవాళ్లు పిల్లలు అప్పుడే వద్దనుకుంటే వేసుకునేవే. ఈ జబ్బుకూ పనిచేస్తాయి.

మా వైపు ఒక ఆచారం ఉంది. జ్వరం మాత్రలైతే అలాగే చేతికిస్తారు. ప్యాడ్లు, కండోమ్‌లు, ఈ మాత్రలు మాత్రం పాత పేపర్లో చుట్టి ఇస్తారు, ఎవరికీ తెలియకూడదని. చుట్టారంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది. మా మండలంలో అంతకు మించిన దండోరా లేదు.

తల్లి చీటీ ఇచ్చి గొంతు తగ్గించింది. "జర కాగితంల సుట్టియ్యమ్మా."

"ఎందుకక్కా, బిడ్డ జబ్బుకే గదా?" అంది కోడలు.

తల్లి వినలేదు, చుట్టించుకుంది. బయట తోట కూలీలు నీడకు నిలబడి ఉన్నారు. స్కూలు డ్రెస్సులో పిల్ల, తల్లి చేతిలో పేపరు పొట్లం. ఇక చెప్పాలా! తల్లీబిడ్డలకంటే ముందే ఆ కబురు గూడెం చేరింది.

వారం తిరక్కుండా తండ్రి ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. మాత్రలు బల్ల మీద కొట్టాడు.

"వాపస్ తీస్కోండ్రి. ఈ గోళీలొద్దు, చదువొద్దు. పరీక్షలు గిరీక్షలు ఏం లేవు, ఇంట్ల ఉంటది."

పరువు కోపం అనుకున్నాను. కాదు. కోడలు కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది.

"ఇవి మింగితే కడుపు ఎండిపోతదంట గదమ్మా. రేపు పిల్లలు కాకపోతే నా బిడ్డ బతుకేం గావాలె?" అన్నాడు.

"ఎవరన్నరు అన్నా?"

"అందరంటుండ్రు."

"డాక్టరమ్మ అన్నదా?"

"ఆమెనడగలే."

"ఆపినంక అంతా మామూలే అయితది. నా మాట నమ్మకు, డాక్టరమ్మకు ఫోన్ కలుపుత. నువ్వే అడుగు."

నేను గంటసేపు మాట్లాడింది ఇక్కడే. గంట కాదు లెండి. రెండు మాటలు. "భయపడకు" అన్నాను, "చదువు ఆపకు" అన్నాను.

అప్పటిదాకా తల వంచుకున్న పిల్ల, ఫోన్ అనగానే తల ఎత్తింది.

"నాయినా, పెండ్లీ పిల్లలూ తర్వాత జూద్దాం. ముందు నేను నిలబడాలె గద. మొన్న లెక్కల టీచర్ బోర్డు మీద ఏం రాసిందో నాకు కనబడలే, కండ్లు తిరిగి. నువ్వు పరేషాన్ అయితవని నీకు జెప్పలే."

కోడలు డాక్టరమ్మకు ఫోన్ కలిపింది. తండ్రి ఫోన్ అందుకున్నాడు. అడగాల్సిందంతా అడిగాడు, అడిగిందే మళ్లీ అడిగాడు. పెట్టేశాక మాత్రలు తీసి బిడ్డ చేతిలో పెట్టాడు. తల్లి అలవాటుగా పేపరు కోసం చూసింది.

"కాగితం వద్దే అమ్మా," అని పిల్ల మాత్రల అట్ట అలాగే పట్టుకుని ఆ రోజూ నీడకు నిలబడ్డ కూలీల ముందునుంచి నడిచింది. ఒక పెద్దామె ఉండబట్టలేక అడిగింది. "ఏంది బిడ్డా గది?"

"నా మందు, పెద్దమ్మా. నెత్తురు బాగ పోతుంటే ఇచ్చిండ్రు. నీకు గూడ గట్లయితే దవాఖానాకు పో, సిగ్గుపడకు."

నేను చాలామంది ధైర్యవంతులను చూశాను, అద్దంలో రోజూ ఒకణ్ణి చూస్తాను. అంత నిటారుగా నడిచినవాళ్లను చూడలేదు. పిల్ల పరీక్షలు రాసింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆమె చెప్పిందని హాస్టల్ పిల్లలు ఇద్దరు ముగ్గురుగా షాపుకు వస్తారు. "తాతా, నువ్వు జర బయట కూసో" అని నన్ను తోలేసి, మాత్రలు వేసుకుంటే లావైపోతామా, ఇంట్లో తెలియకుండా ఎవరిని అడగాలి, అని కోడల్ని అడుగుతారు. అడిగినదానికి ఆమె జవాబు చెబుతుంది, ఎందుకు అడిగావని అడగదు. తలుపు పక్కన కూర్చుంటే అన్నీ వినబడతాయి.

ఇదంతా రాసి కోడలికి చదివి వినిపించాను. అట్టలు సర్దుతూనే వింది.

"రెండు మాటలు గూడ నువ్వు అనలే మామా. 'పెండ్లి జేసెయ్యరాదూ, అన్నీ అవే సర్దుకుంటయ్' అన్నవ్. ఆ పిల్ల తలెత్తింది ఫోన్‌కు గాదు, నీ మాటకు."