యాభై వ్యాగన్ల బ్రేకు

ప్రేమలతది గుమ్మడిదల. ఆ ఊరికి రైలు లేదు. ఉద్యోగం వెలిమెలలో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. అక్కడ ఫోన్లో ఆడే రైలు ఆట తయారవుతుంది. అందులో రైలు ఎలా కదలాలో, ఎలా ఆగాలో రాయడం ఆమె పని.

అదంతా సెలవు రోజుల్లో పట్టాల పక్కన నిలబడి నేర్చుకుంది. గూడ్సు బయలుదేరేటప్పుడు ఇంజను మొదట ఒక్క వ్యాగన్నే లాగుతుంది. తర్వాత రెండోదాన్ని. ఆ కుదుపు చప్పుడు చేసుకుంటూ చివరిదాకా పోతుంది. బ్రేకూ అంతే. ముందువి పట్టుకుంటాయి, వెనకవి ఇంకా తోస్తుంటాయి. యాభై వ్యాగన్ల బొగ్గు బండి బ్రేకు నొక్కగానే ఆగదు. ఆమె రాసిన ఆటలోనూ ఆగలేదు. అలా రాయడానికి ఏడాది పట్టింది.

"మన ఆట ఆడేది షిఫ్టు బస్సులల్ల పోయెటోళ్లు. వాళ్లకు చూపెట్టు," అన్నాడు ఓనరు శివశంకర్.

పక్కింటి ముర్తుజా బొంతపల్లిలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. అతని బస్సే ఎక్కింది. ముర్తుజా ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో గూడ్సు నడిపాడు. ఆ బస్సు డ్రైవరు కంపెనీ గేటు ముందుకొచ్చాక బ్రేకు తొక్కుతాడు. ముర్తుజా కూడా ప్లాట్‌ఫాం వచ్చాకే నొక్కాడు. రైలు స్టేషను దాటి పొలాల్లోకి పోయింది.

"గిదేం రైలు అక్కా? బ్రేకేస్తె ఇంక ముంగటికే గుంజుకపోతున్నది!"

వెనక సీట్లోంచి సోమమ్మ అందుకుంది. "ఇంట్ల పిల్లలు నీ మాట ఇనరు, చేతుల రైలు ఇనది. ఏం మొగోనివయ్యా!"

బస్సంతా నవ్వింది. ముర్తుజా మళ్ళీ ఆడాడు. మళ్ళీ దాటింది. కొంచెం ముందే నొక్కాడు. ఇంకొంచెం ముందు. గేటు దగ్గర అందరూ దిగారు, అతను దిగలేదు.

"జెర ఆగు అక్కా, ఈసారి ఆపుత."

ఆఫీసులో శివశంకర్ ఇదంతా విన్నాడు.

"ఆపలేకపోయిండు. గదే చెప్తున్న."

"ఫోను ఇయ్యలే సార్ ఆయన. గుంజుకోవాల్సొచ్చింది."

"నొక్కంగనే ఆగాలె. పబ్లిక్‌కు ఓపిక లేదు."

"మరి యాడ్‌ల అసలైన రైలు అని ఎందుకు రాసిన్రు?"

"యాడ్ యాడే. నువ్వు చేసేది ఆట, రైలు కాదు."

గూడ్సు కోసం ఆమె రాసిందంతా తీసేశారు. ఇప్పుడు యాభై వ్యాగన్ల బొగ్గు ఆటోలాగా ఆగుతుంది. నిండు బండీ అంతే, ఖాళీ బండీ అంతే. బరువు తీసేసి, దాన్నే అసలైన రైలని అమ్ముతున్నారు.

కొత్త ఆటను మళ్ళీ ఆ బస్సులోనే ముర్తుజాకు చూపించింది. మొదటిసారే ఆగింది. "మంచిగైంది అక్కా," అని ఫోను తిరిగిచ్చేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆ మెచ్చుకోలుకు ఆమె ఒళ్ళు మండింది.

శివశంకర్ సంతోషంగా ఉన్నాడు. "ఒక్క కంప్లైంటు లేదు, చూసినవా? ప్యాసింజర్ బండ్లు గూడ గట్లనే చెయ్యి."

"వాటిల్ల మనుషులుంటరు సార్. గట్ల ఆపితె ఒకలమీద ఒకలు పడతరు."

"ఆటల ఎవడు పడతడు?"

"నేను చెయ్య."

"బొమ్మ రైలు కోసం నౌకరి ఇడుస్తవా?"

"బొమ్మ రైలు అని యాడ్‌ల రాయున్రి. చేస్త."

శివశంకర్ రాయలేదు. ఆమె చేయలేదు. ప్రకటన ఇప్పటికీ అలాగే ఉంది. ప్రేమలత వేరే పని వెతుక్కుంటోంది.