సబ్హాన్ గోదాములో రాజుగారి బాక్సు

ఏ కప్పు కింద నిలబడినా రెండు చప్పట్లు కొట్టి, చెవి పక్కకు వంచి, ఆ కట్టడం ఎలా పలికిందో విని, ఆపైన బొంబాయి ఒపేరా హౌస్ గురించి చెప్పకపోతే మా సుబ్బన్నకు అన్నం సహించదు. కువైట్‌కు రాకముందు ఆయన ఆ హౌస్ గేటు దగ్గర టికెట్లు చించేవాడు. అప్పటికే అది సినిమా హాలైపోయింది. అయినా ఆయన లెక్కలో, ఎప్పుడో దాన్ని తెరవడానికి వచ్చిన ఇంగ్లండు రాజు నిన్ననే వచ్చి వెళ్లాడు.

కువైట్‌లో ఉండటానికి కావాల్సిన ఇఖామా కాగితం కోసం మెడికల్‌కు పోతే ఎక్స్‌రే గదిలో చప్పట్లు కొట్టాడు. మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ తండ్రి పోయినప్పుడు పరామర్శకు వెళ్లి అక్కడా కొట్టబోతే నేనే చేతులు పట్టుకున్నాను.

"ఊరికే సూస్తాండా ప్రసాదూ, పైకప్పు గుండ్రంగా ఉండాది" అన్నాడు.

నేను, రాజంపేట నాగేంద్రప్రసాద్‌ని, సబ్హాన్‌లో ఒక తివాచీల గోదాముకు స్టోర్‌కీపర్‌ని. సుబ్బన్నది అక్కడే మోత పని. తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడగానే కఫీల్ తాళాలు నా చేతిలో పెట్టి సౌదీకి వెళ్లిపోయాడు. రుమైథియా ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు కొందరు, యజమానులు పారిపోవడంతో దిక్కుతోచక మా దగ్గరికి చేరారు. మనవాళ్లను విమానమెక్కించే జోర్డాన్‌కు బస్సులు దొరికేదాకా షట్టర్ దించుకుని, చప్పుడు చేయకుండా లోపలే ఉండాలని అనుకున్నాం. ఆ మాట సుబ్బన్నకు తప్ప అందరికీ అర్థమైంది.

షట్టర్ దించగానే రెండు చప్పట్లు.

"నీ చేతులు కట్టేస్తా" అన్నాను.

"రేకుల కప్పు, ప్రసాదూ. మాట పైకి పోయి చెదిరిపోతాది. మా హౌస్ కప్పు అట్ల కాదు. పై గ్యాలరీలో చిల్లర టికెట్టోనికి కూడా స్టేజీ మీది గుసగుస వినపడాలని వంచి కట్టినారు. గుమ్మటంలో ఎనిమిది భాగాలు. ఎనిమిదింట్లోనూ కవుల బొమ్మలు."

"ఎవరా కవులు?"

"మెడ నొప్పి పుట్టి ఎప్పుడూ పూర్తిగా సూడలే."

మా అసలు బెడద రహమత్ బీ దగ్గు. రాయచోటి మనిషి, పెద్దావిడ, దగ్గు మొదలైతే రేకులు అదిరేవి. బయట సైనికుల లారీలు తిరుగుతున్నాయి. షట్టర్లు పగలగొట్టి దోచుకుపోతున్నారు. లోపల ఆడవాళ్లున్నారని తెలిస్తే ఏమవుతుందో ఎవరం పైకి అనలేదు. చివరికి మా గోదాము డ్రైవర్ పెంచల్ అననే అన్నాడు.

"ఆ యమ్మను ఇంకెక్కడన్నా పెడితే మేలన్నా. ఒక్క దగ్గుకు అందరం ఖలాస్."

ఆమె విన్నది. నోట్లో కొంగు కుక్కుకుని మూట సర్దుకోవడం మొదలుపెట్టింది. పొమ్మనలేను, ఉండమనే ధైర్యమూ లేదు. నాకు అందరి మీదా ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఈ మూల చప్పట్లు, ఆ మూల చప్పట్లు.

"ఈ హౌస్‌లో పెద్ద లోపం ఉండాది ప్రసాదూ. రాజు కూసోని ఆట సూసే గది, అదే, రాజుగారి బాక్సు లే."

ఆ రోజంతా మమ్మల్ని చంపుకు తిన్నాడు. కరెంటు లేని గోదాములో, ఆగస్టు ఉక్కలో, వెనక గోడ కిటికీ చుట్టూ తివాచీ కట్టలతో మూడు పక్కలా గోడలు కట్టించాడు, పైన కప్పు వేయించాడు. ఒక వరస చాలదా అంటే "రాజుకు ఒక వరసా?" అన్నాడు. బాక్సుకు ఎరుపే అందమని అన్నిటికన్నా అడుగున పడున్న ఎర్ర తివాచీలు పైకి లాగించి, లోపల పరిపించాడు, ఒకటి వాకిలికి తెరగా కట్టించాడు. పెంచల్ నడుం పట్టుకుని తిట్టాడు. నేను తిట్టినవి అచ్చులో రావు.

అంతా అయ్యాక సుబ్బన్న రహమత్ బీ మూట అందుకుని ఎర్ర తెర పక్కకు జరిపాడు.

"అమ్మా, బాక్సులో ఎవరంటే వాళ్లు కూసోగూడదు. ఈడ అందరికన్నా పెద్ద మీరే. మీరు లోపలికి పోతేగానీ ఆట మొదలుగాదు."

ఆమె తలమీద కొంగు సవరించుకుని, పెంచల్ వైపు చూడకుండా, బేగంలా నడిచి లోపలికి వెళ్లింది.

ఆ వారంలోనే ఒక ఉదయం సైనికులు షట్టర్ పగలగొట్టారు. మిగతా ఆడవాళ్లు కట్టల వెనక ఊపిరి బిగబట్టారు. ముందు వరసలో దొరికిన తివాచీలు లారీకెక్కించారు, నా గడియారం తీసుకున్నారు. ఒకడు ఎర్ర తెర వైపు నడుస్తుండగా లోపల రహమత్ బీ దగ్గింది. ఆ దగ్గు పరుపు కింద పిల్లి తుమ్మినంత వినిపించింది. వాడు ఆగాడు.

సుబ్బన్న వాడి ముఖం ముందే రెండు చప్పట్లు కొట్టాడు. చెవి వంచాడు. తర్వాత కప్పు చూపిస్తూ, వచ్చిన హిందీలో, ఒపేరా హౌస్ గుమ్మటం ఎత్తుకున్నాడు. మూడో కవి దగ్గరికి వచ్చేసరికి సైనికుడు విసిగిపోయి, మజ్నూన్, పిచ్చోడు, అంటూ వెనక్కి తిరిగాడు. ఆ ఒక్క విషయంలో నేను ఇరాక్ సైన్యంతో పూర్తిగా ఏకీభవించాను.

లారీ వెళ్లాక విరిగిన షట్టర్‌ను ఎలాగో కిందికి లాగాను. రహమత్ బీ తెర తీసి తొంగిచూసింది.

"ఎవరన్నా వచ్చినారా? నాకేం వినపడలే."

నేను సుబ్బన్నను పక్కకు లాగాను. "నిజం చెప్పు. రాజుగారి బాక్సు ఇట్లనే ఉంటుందా?"

"నాకేం తెలుసు? దానికెప్పుడూ తాళమే."

"మరి ఆ ఎర్రవే కావాలని మా నడుములెందుకు విరగ్గొట్టినావు?"

"ఊరికే కట్టలు పేర్చి లోపలికి పొమ్మంటే, దగ్గే మనిషిని మూలన పడేసినట్టుంటాది గదా ప్రసాదూ. ఎరుపు పరిచినామనుకో, రమ్మని పిల్చినట్టుంటాది."

మొదటిసారి సుబ్బన్నను మెచ్చుకోవాల్సి వచ్చింది. చాలా ఇబ్బందిగా అనిపించింది.

సెప్టెంబరులో బస్సు దొరికింది. రహమత్ బీ మెట్టు మీదే ఆగి, "సుబ్బన్నా, నా బాక్సు యాడ?" అంది. కిటికీ పక్కన కూర్చున్న పెంచల్ లేచాడు. మెడలోని ఎర్ర తువ్వాలు తీసి సీటు మీద పరిచి, "ఈడమ్మా" అన్నాడు.

బస్సు కదిలింది. ఎడారి మొదలైంది. హమ్మయ్య అని కళ్లు మూసుకున్నాను.

వెనక సీట్లోంచి రెండు చప్పట్లు వినిపించాయి. జోర్డాన్ ఇంకా చాలా దూరం ఉంది.