అమ్మ గాజుకి వేలాడిన పిన్నీసు

సేఫ్టీ పిన్‌కి ఆ పేరెలా వచ్చిందో ఇవాళ మా అమ్మాయి ఫోన్‌లో చూసి చదివి వినిపించింది. పాతకాలం పిన్నులు ఊరికే ఒంటికి గుచ్చుకునేవట. మొనకి టోపీలాంటిది పెట్టాక ఆ భయం పోయింది కాబట్టి సేఫ్టీ పిన్ అన్నారట.

వింటుంటే నాకు అమ్మ గాజుల చప్పుడే వినిపించింది. గుర్తుందా, మన అమ్మలందరి గాజులకీ గుత్తులుగా పిన్నీసులు వేలాడేవి! లంగాకి బొందు ఎక్కించాలన్నా, కాల్లో ముల్లు తియ్యాలన్నా, చెప్పు పట్టీ తెగినా అమ్మ చెయ్యి చాపితే చాలు. వాటికి పసుపూ చెమటా కలిసిన వాసన.

ఇంటర్‌లో చేరిన రోజు నన్ను భీమవరం బస్సెక్కిస్తూ అమ్మ తన గాజు నుంచి ఒక పిన్నీసు తీసింది. దాన్ని టోపీలోంచి విప్పి, మొన బయటికి వచ్చేలా నా వేళ్ళ మధ్య పెట్టింది.

"బస్సు కిక్కిరిసి ఉంటుందమ్మా. ఎవడైనా కావాలని మీద పడితే మొహమాటపడకు, గుచ్చెయ్."

"నీకెలా తెలుసే ఇవన్నీ?" అన్నాను నవ్వుతూ.

అమ్మ నవ్వలేదు. నా ఓణీ సర్ది, మెల్లగా అంది.

"నా చిన్నప్పుడు నాకెవరూ ఇవ్వలేదమ్మా."