కుడివైపు మీటలు

రాయచూరులో మా ఇంట్లో సాయంత్రం పాటలు పెట్టుకునే అలవాటు చెడిపోవడానికి కారణం కరెంటేనని చాలాకాలం నమ్మాను. ఓల్టేజీ నిలకడగా ఉండదు, ఎండాకాలం దుమ్ము సందు దొరికితే దూరుతుంది, పాత సామాను ఎంతకని తట్టుకుంటుంది? కనపడ్డ వాళ్లందరికీ ఇదే చెప్పి విసిగించాను. నా భార్యకు మాత్రం చెప్పలేదు. చెబుదామంటే ఆమె ఉండేది కాదు, పాట పెట్టగానే లేచి వెళ్లిపోయేది.

నా బాధంతా అదే. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఒక్క గంట మా ఇద్దరిది. నేను జిన్నింగ్ మిల్లు నుంచి తలనిండా పత్తి నుసితో వచ్చి స్నానం చేసేసరికి, ఆమె చాప పరుచుకుని పల్లికాయలు ఒలుస్తూనో కందులు ఏరుతూనో కూర్చునేది. నేను క్యాసెట్ పెట్టేవాణ్ణి. ఇద్దరికీ ముక్కు మీదే కోపం, ఏ మాట మొదలుపెట్టినా జగడంలోకే దిగేది. పాట నడుస్తున్నంతసేపూ మాత్రం ఇంట్లో శాంతి. ఇంకేం పోయినా ఓర్చుకుందును గానీ, ఆ గంట పోవడం నాకు చాలా కష్టంగా ఉండింది.

మిల్లు మానేసిన ఏడాది, పాటలో ధ్వనులను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్లు రెండు ఇంటికి తెచ్చాను. తీన్ కందిల్ చౌరస్తా దగ్గర పెళ్లిళ్లకూ జాతరలకూ మైకుసెట్లు అద్దెకిచ్చే ముసలాయన అంగడి ఎత్తేస్తూ నన్ను పిలిచాడు.

"తీస్కపోవయ్యా, నీకు పిచ్చి గద. ఇప్పటి పోరగాళ్లకు గివి వద్దు, అంత కంప్యూటర్లనే దిద్దుకుంటున్నరు" అన్నాడు. ఎత్తి నా చేతుల్లో పెడుతూ, "ఒక్కటి యాదివెట్టుకో. ఇవి పెంచనీకి కాదు, తగ్గియ్యనీకి. మైకు ఏడ కూస్తదో ఆడ మీట కిందికి గుంజాలె, అంతే" అన్నాడు. సరే సరే అన్నాను. చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ మంట.

ఇళ్లల్లో పెట్టుకునే వస్తువులు కావు అవి. నల్ల ఇనప పెట్టెలు, బోల్టులు బిగించడానికి రెండు పక్కలా రేకులు. ఒక్కోదానికి పైకీ కిందికీ జరిపే మీటలు ముప్పై ఒకటి. ఎడమ చివరిది డోలు దెబ్బకు, కుడి చివరివి గజ్జెలకూ తాళాలకూ, మధ్యవి మనిషి గొంతుకు. ఎడమ స్పీకరుకు ఒక పెట్టె, కుడి స్పీకరుకు ఒకటి తగిలించాను. ఆ మొదటి సాయంత్రం మీటలు ఒక్కొక్కటే సర్దుతూ పోతుంటే, ఎన్నో ఏళ్లుగా వింటున్న పాటలో అడుగునుంచి ఒక తంబూర లేచింది. ఆమె చేతిలో పల్లికాయ చేతిలోనే ఉండిపోయింది.

"అబ్బ! ఇన్నొద్దులు గీ తంబూర యాడ దాక్కున్నది?" అంది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

రోజులు గడిచేకొద్దీ పాట మొద్దుబారింది. గజ్జెలు వెనక్కి పోయాయి, పాడేవాళ్లు మాటలు నములుతున్నట్టు అనిపించింది. కుడివైపు మీటలు కొంచెం పైకి నెట్టాను. బాగైంది. మళ్లీ మొద్దుబారింది, మళ్లీ నెట్టాను. స్పీకర్లలో సన్నటి ధ్వనులు పలికే ట్వీటర్లు కాలిపోయాయి, కొత్తవి వేశాను, అవీ కాలిపోయాయి. మీటల సందుల్లో దుమ్మని స్పిరిటుతో తుడిచాను. చివరికి కుడి వైపున్నవన్నీ పైఅంచుకు తగిలి ఆగిపోయాయి, ఇంక జరగడానికి చోటు లేదు.

"ఏందిది, చెవుల్ల సూదులు గుచ్చినట్లు? జర తగ్గించరాదు?" అనేది ఆమె మొదట్లో.

"పాట ఇనుడు నీకు చాతగాదు. సీరియల్లు సూసి సూసి నీ చెవులు పాడైనయి" అనేవాణ్ణి. తర్వాత ఆమె అనడం మానేసింది. చాప తీసుకుని వాకిట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి కూర్చునేది. నేను లోపల ఒక్కణ్ణే పళ్లు కొరుక్కుంటూ వినేవాణ్ణి. ముసలితనంలో దీనికి నేనూ బరువే, నా పాటలూ బరువే అనుకున్నాను.

ఇలా ఉండగా శ్రావణమాసంలో ఇడపనూరు నుంచి నా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ల గుడి దగ్గర సోమవారం భజన.

"బావా, కొత్త మైకు తెచ్చినం గని ఒక్కతీర్ల కూస్తున్నది. నువ్వొచ్చి జర సూడరాదు?"

అత్తగారి ఊరు పిలిచి మరీ అడిగితే ఏ అల్లుడు కాదంటాడు? ఒక ఈక్వలైజరు తీసి గోనెసంచిలో చుట్టాను. దారిలో మీటలు జరగకుండా, సౌండు సర్వీసు వాళ్లు చేసినట్టే, మీటల మీదుగా టేపు అంటించాను. కుడివైపువి పైకి ఉన్నవి పైకే ఉన్నాయి.

"గవి సరిజేసి పెట్టుకోరాదు ముందుగల?" అంది నా భార్య ఆటో ఎక్కుతూ.

"నాకు నేర్పకు."

మేం చేరేసరికి పొద్దు గూకుతోంది. గుడి ముందు ఊరంతా కూర్చుని ఉంది. నేను పెద్ద ఇంజినీరులా మైకుకూ ఆంప్లిఫయరుకూ మధ్య పెట్టెను తగిలించి, మైకు పట్టుకుని "హలో, హలో" అన్నాను. నా గొంతు బ్రహ్మాండంగా వినపడింది. ముందు వరుసలో ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. సౌండు పెరిగింది కదా, అలవాటు లేదు పాపం అనుకున్నాను. తాళాలు వాయించే ఆమె వాటిని ఒళ్లో పడేసి రెండు చేతులూ చెవులకు అదుముకుంది. "సాకు, సాకు!" అని, చాలు చాలని ఎవరో కన్నడంలో అరిచినట్టు నోళ్లు కదిలాయి. నేను నవ్వుతూ, మైకులోనే, "వెనకాలోళ్లకు ఇనబడ్తున్నదా?" అని అడిగాను.

బావమరిది పరుగెత్తుకొచ్చి వైరు పీకేశాడు. "ఇనబడ్తలేదా బావా నీకు? గంత కూత కూస్తుంటే!"

"ఏం కూత?" అన్నాను.

మైకు ఆగిపోయింది కాబట్టి ఆ మాట అందరికీ స్పష్టంగా వినపడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అంత మంది చెవులు మూసుకునేంత శబ్దం నా మొహం ముందు అరుస్తుంటే నేను పళ్లికిలించి నిలబడ్డానన్నమాట.

నా భార్య లేచి వచ్చింది. "ఈడ కరెంటు సరిగ లేదు. రాయచూరుల ఇదే పెట్టె మంచిగ మోగుతది" అని తన పుట్టింటి వాళ్లందరికీ వినపడేలా చెప్పింది. తర్వాత పెట్టె ముందు కూర్చుని టేపు చింపేసింది. అంతవరకూ ఆమె దాన్ని ముట్టుకుని ఎరగదు. తమ్ముణ్ణి వైరు పెట్టమని చెప్పి, ఎక్కడ చెవి నొస్తే అక్కడ, కుడి వైపు మీటలు ఒక్కొక్కటీ వేలితో కిందికి గుంజుతూ పోయింది. ఏది గుంజితే ఏం మారిందో నాకు తెలియలేదు. జనం చేతులు చెవుల మీద నుంచి దిగినప్పుడు ఆగింది. భజన మొదలైంది.

ఆ వారమే ఆమె నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడు బొత్తాం నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత ఎంతకీ ఏమీ రాకపోతే, మొదలుపెట్టండమ్మా అన్నాను. మొదలుపెట్టి చాలాసేపైందని పరీక్ష చేసే అమ్మాయి సైగ చేసింది. బయట డాక్టరు చూపించిన నా వినికిడి గీత ఎడమవైపు తిన్నగా నడిచి, కుడివైపు గుంటలో పడింది. నా ఈక్వలైజరు మీద మీటలు ఎక్కడ పైకెక్కాయో, కాగితం మీద గీత సరిగ్గా అక్కడ దిగిపోయింది.

కారణం మిల్లు చప్పుడేనన్నారు. పోయింది తిరిగి రాదన్నారు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయట, పాట మాత్రం మునుపటిలా వినపడుతుందని చెప్పలేమట. నాకు ఒళ్లు మండింది. అన్నేళ్లు పత్తిలోనే బతికాం, చిటికెడు పత్తి తీసి చెవిలో పెట్టుకోవాలని ఒక్కడికీ తోచలేదు. ఎవడైనా పెట్టుకుంటే ఆడంగి వెధవ అని నవ్వేవాళ్లం. కోపం దిగాక భయం పట్టుకుంది. గజ్జెలు పోయాయి, వేణువు పోతుంది, ఆ తర్వాత ఈమె గొంతు పోతుందా?

మర్నాడు సాయంత్రం రెండు పెట్టెల ముందూ కూర్చుని మీటలన్నీ మధ్యకు దించాను. ఒక్కొక్కటి మధ్య గాటులో పడటం వేలికి తెలిసింది. పాట పెట్టాను. తలుపులు మూసిన పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. నమిలేసిన మాటలు, డోలు, అంతే. నా కర్మ అనుకుని కూర్చున్నాను.

వాకిలి తలుపు తెరుచుకుంది. ఆమె చాప తీసుకుని లోపలికి వచ్చింది, పరిచింది, కూర్చుంది. ఎన్నాళ్లకు! కళ్లు మూసుకుని వింటోంది. ఆమె మొహంలో ఏదో వెలిగింది, పెదవి కొంచెం విడింది. పాటలో ఏదో వచ్చిందన్నమాట. ఏం వచ్చిందో నాకు తెలియదు.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. జరిగి నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, మణికట్టు మీద వేలితో తట్టడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి. నేను పెళ్లికి ముందు నుంచీ వింటున్న పాట అది. అక్కడ గజ్జెలుంటాయి.

"నాకు తెల్సు లే" అన్నాను విసుగ్గా.

ఆమె ఏదో అంది. నాకు అందలేదు. వేలు మాత్రం ఆపలేదు.