మస్తాన్ జేబులో ఎనిమిది కార్డులు

ఆదివారం బెంగళూరులో కార్డుల ఆట పోటీ ఉంది. నా అరవై కార్డుల డెక్ వారం నుంచి ఓడిపోతూనే ఉంది. ఈ రోజూ అంతే అయితే పేరు వెనక్కి తీసుకుందామనుకున్నాను.

ఈ ఆటలో శక్తి కార్డులు చేతికొస్తేనే యోధుల కార్డులను దించగలం. ఒకసారి అవి అందక ఓడిపోయాను. అప్పటినుంచి ఓడిన ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకుని, ఒక యోధుణ్ణి తీసి ఒక శక్తి కార్డు చేరుస్తూ వచ్చాను.

మధ్యాహ్నం, రాయదుర్గంలో జీన్స్ కుట్టే నా మిత్రుడు మస్తాన్ డెక్ మొత్తం బల్ల మీద పరిచి చూశాడు.

"ఏమన్నా, కొళాయి రాదని భయపడి ఇంటినిండా బిందెలు నింపినట్టుండాది. తాగేవాళ్లు యాడుండారు?"

"శక్తి అందకపోతే?"

"ఓడిపోతావు. ఇప్పుడేమన్నా గెలుస్తాండావా?"

మస్తాన్ ఎనిమిది శక్తి కార్డులు తీసి యోధులను పెట్టాడు. సాయంత్రంలోగా పది ఆటలు ఆడాం. ఏడు గెలిచాను! గుండె కుదుటపడింది.

ఓడిన ఒక ఆటలో మాత్రం నిజంగానే శక్తి అందలేదు. వెంటనే నా చేయి తీసేసిన కార్డుల కోసం వెతికింది. అవి మస్తాన్ జేబులో ఉన్నాయి.

"పోటీ అయినాక ఇస్తా లేన్నా," అని వెళ్లిపోయాడు.

పోటీకి వెళ్తున్నాను. మీ చేతికి అందకుండా ఏదైనా పట్టుకుపోయి మేలు చేసిన మిత్రుడు మీకూ ఉన్నాడా?