జంస్కార్‌కు మోసుకెళ్ళిన కొబ్బరికాయలు

లడఖ్ వెళ్ళొచ్చానంటే జనం మొహాలు వెలిగిపోతాయి. ఫొటోలేవీ అంటారు. నేను పనిచేసే స్కూల్లో హిందీ టీచరు కూడా అడిగింది, పాపం తెలియక. నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఆ నదినీ ఆ కొండల్నీ చూసి ఫొటో తీసుకోవాలనిపించే మనుషులంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేమీ లేదని తెలిసినా మండుతుంది.

మా తమ్ముడు అక్కడ కొండల మధ్య వేస్తున్న రోడ్డు పనిలో సర్వేయరు. జూలైలో ఒక సాయంత్రం వాడు ఎక్కిన జీపు మలుపులో జారి జంస్కార్ నదిలో పడింది. డ్రైవరు ముందే దూకేసి బతికాడు. మర్నాడు జీపును పైకి లాగారు. అందులో తమ్ముడు లేడు.

కబురు తెలిసినప్పుడు అమ్మ ఏడవలేదు. ముందు మావయ్యకు ఫోన్ చేయమంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి తీసుకురావే. మీ నాన్న పక్కన పెట్టుకుంటాను. ఇంకేమీ అడగను," అంది. మాది పాలకొల్లు దగ్గర చిన్న ఊరు, లూథరన్ చర్చి వాళ్ళం. ఏటా సమాధుల తోటకు వెళ్ళి సున్నం వేస్తాం, పూలు పెడతాం, కొవ్వొత్తులు వెలిగించి పక్కనే కూర్చుని పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుంటాం. సమాధి లేని మనిషి దగ్గరికి ఎక్కడికని వెళ్ళాలి?

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. నరసాపురం రేవులో పంటు నడిపేవాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ లారీల్నీ ఎక్కించుకుని గోదావరి దాటే పెద్ద బల్లకట్టు అది. ఆ పనితో పాటు అడక్కుండానే ఇంకో పని ఆయన నెత్తిన పడింది. గోదావరిలో ఎవరైనా మునిగిపోతే ఆయన కోసం మనిషిని పంపేవారు. మునిగిన చోట పీచు తీయని కొబ్బరికాయ ఒకటి వదిలి, నాటుపడవ మీద దాని వెనకే వెళ్ళేవాడు. కాయ ఏ సుడిలో తిరుగుతూ ఆగిపోతే అక్కడ లంగరు వేసి కూర్చునేవాడు. మూడో రోజుకల్లా శవం అక్కడే తేలేది. ఆయన మాట తప్పిందని నేనెప్పుడూ వినలేదు. అందుకే మా ఇంటిల్లిపాదికీ, చదువుకున్న నాతో సహా, తమ్ముడు పోయాడన్న సంగతి కంటే మావయ్య వెళ్తున్నాడన్న సంగతే పెద్దదిగా కనిపించింది.

ఆయన రెండు జతల బట్టలు చేతిసంచీలో పెట్టుకుని, పెద్ద గోనెసంచీ నిండా కొబ్బరికాయలు తెచ్చాడు. అక్కడ దొరకవు కదమ్మా అన్నాడు. ఎయిర్‌పోర్టులో సంచీ విప్పించి ఎందుకివన్నారు. పూజకని చెప్పాను. జీవితంలో పూజ చేసి ఎరగను.

లే ఊరు దాటాక రోడ్డు సింధు నది వెంట సాగి జంస్కార్ వచ్చి కలిసే చోటికి చేరింది. రెండు రంగుల నీళ్ళు పక్కపక్కన పారుతుంటే చూడ్డానికి వచ్చినవాళ్ళు రబ్బరు పడవలెక్కి కేరింతలు కొడుతున్నారు. ఒకమ్మాయి నా చేతిలో ఫోన్ పెట్టి వాళ్ళందరినీ ఫొటో తీయమంది. తీశాను. బాగా వచ్చిందా అంది. వచ్చిందన్నాను.

అక్కడి నుంచి లోయలోకి మళ్ళాం. అటూ ఇటూ ఆకాశాన్ని మూసేసే కొండలు, ఆరిపోయిన ఇటుకబట్టీ గోడల్లా. నాకు నది అంటే ఒడ్డున కొబ్బరిచెట్లు, అరటితోటలు, వరిచేలు. ఇక్కడ ఇంత నీరు పారుతోంది గానీ దాని పక్కన గడ్డిపరక లేదు. మావయ్య దారి పొడుగునా ఒక్క మాటే అన్నాడు.

"ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఇంత ఎండిపోవడం ఏంటమ్మా?"

జీపు పడిన చోట నీళ్ళు సిమెంటు కలిపినట్టున్నాయి. ఆ హోరులో అరిస్తే గానీ మాట వినబడదు. మావయ్య గొంతుక్కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. లుంగీకి తుడుచుకుని మొదటి కాయ వదిలాడు. అది వెళ్ళి బండకు కొట్టుకుని పగిలిపోయింది. ఇంకొకటి వదిలాడు. కళ్ళతో దాని వెంట వెళ్ళేలోపే మాయమైంది. ఆ నీళ్ళలో పడవ దింపే ప్రశ్నే లేదు. సంచీ భుజాన వేసుకుని మలుపు మలుపుకూ దిగి కాయలు వదులుతూ పోయాడు, ఆయాసపడుతూ, ఆ ఎత్తులో గాలి చాలక పెదాలు నల్లబడుతుంటే. ఏ కాయా ఎక్కడా ఆగలేదు.

వెతికే జట్టుకు పెద్దగా ఉన్న ఆయన నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది: శవం కుళ్ళి ఉబ్బితేనే పైకి తేలుతుంది. ఇది మంచు కరిగిన నీరు. ఇందులో కుళ్ళదు, ఉబ్బదు, తేలదు. చలికాలం నది గడ్డకట్టి నీరు తగ్గినప్పుడు కనిపిస్తే కనిపించవచ్చు, లేకపోతే లేదు.

దాచి ఏం చేసుకోను? మావయ్యకు అప్పుడే చెప్పేశాను. నా మీద ఇంతెత్తున లేచాడు. ఆ జట్టాయనకేం తెలుసు నీళ్ళ గురించి, వాడు తేలకుండా ఎక్కడికి పోతాడు అన్నాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒడ్డున కూర్చునేవాడు. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి తేలాడా అని అడిగేది. రేపు అక్కా, అనేవాడు మావయ్య. ఆ మాట వినలేక నేను బయటికి వెళ్ళిపోయేదాన్ని.

నేను ప్రార్థన చేశాను. బతికించమని కాదు, ఆ ఆశ నాకెప్పుడో పోయింది. మా తమ్ముడి ఒళ్ళు కుళ్ళాలని చేశాను. దేవుడా, వాణ్ణి కుళ్ళబెట్టు, పైకి పంపు అని, చేతులు జోడించి, మనస్ఫూర్తిగా. చిన్నప్పుడు వాడికి కాస్త దగ్గొస్తే రాత్రంతా వీపు రాసినదాన్ని.

ఆఖరి కాయ వదిలిన మధ్యాహ్నం మావయ్య తనే నీళ్ళలోకి దిగబోయాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను, ఇద్దరం రాళ్ళ మీద పడ్డాం. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను.

"గోదారి ఎంతమందిని తీసుకున్నా తిరిగిచ్చేసిందే," అన్నాడు. "దీనికి ఇవ్వడం రాదే తల్లీ."

మర్నాడు బయల్దేరాం. వస్తున్నామని మాత్రం చెప్పాం, వట్టి చేతులతో వస్తున్నామని చెప్పలేదు. నిడదవోలులో రైలు దిగేసరికి ముసురు పట్టి ఉంది. ఇంటికి తాళం. మీ అమ్మ సమాధుల తోటలో ఉంది, రోజూ అక్కడేనని పక్కింటావిడ చెప్పింది. మావయ్య తోట గేటు దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రాలేకపోయాడు.

మేం లడఖ్ బయల్దేరిన రోజే అమ్మ నాన్న పక్కన గొయ్యి తవ్వించిందట. మా నేలలో వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. అమ్మ గట్టు మీద కూర్చుని, పెయింటు డబ్బాకు తాడు కట్టి, ఆ నీళ్ళు తోడి పోస్తోంది. చీర మోకాళ్ళ దాకా బురద. పోసిన కాసేపటికి మళ్ళీ ఊరుతున్నాయి.

"అమ్మా, లే," అన్నాను. "వాడు రాడు."

"తెలుసు. మూడో రోజు దాటాక కూడా మీ మావయ్య రేపు అన్నప్పుడే తెలిసింది." డబ్బా మళ్ళీ లోపలికి వదిలింది. "ఇందులో మాత్రం నీళ్ళు నిలవనివ్వను."