బడి గేటు దగ్గర బాపమ్మ డ్యూటీ

గోదావరిఖనిలో మా కాలనీ పక్కనే ఆడపిల్లల బడి. ఏడో తరగతి దాకా అక్కడే చదివాను. మంచి బడే, కాదనను. కానీ లెక్కల టీచరు బదిలీ మీద వెళ్లిపోయాక ఆ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు. నాకేమో లెక్కలంటే పిచ్చి. లెక్కల పీరియడ్‌లో మాచేత అల్లికలు అల్లిస్తుంటే ఒళ్లు మండిపోయేది.

రోడ్డు అవతలి బడిలో లెక్కలు బాగా చెబుతారని పేరు. చిక్కల్లా ఒకటే, అక్కడ ఆడా మగా కలిసి కూర్చుంటారు. అమ్మ సరేనంది. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసే మా బాపు ససేమిరా అన్నాడు. నేను అన్నం మానేసి మొండికేశాను. చివరికి ఆయనే దిగొచ్చి ఒక షరతు పెట్టాడు.

"ఓ వారం పంపి చూస్త. మా అవ్వ పోయి బడికాడ కూసుంటది. ఏమన్న తేడా కనవడ్డదా, మల్ల పాత బడికే."

బాయి మనిషి కదా, ఎక్కడ అనుమానమొస్తే అక్కడ కాపలా పెట్టడమే ఆయనకు తెలుసు. ఆయన తల్లి, అంటే మా బాపమ్మ, సోమవారం పొద్దున్నే తయారైంది. బాయికి దిగేవాళ్లకు కట్టినట్టే అమ్మ ఆమెకూ టిఫిన్ కట్టింది. గేటు పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంటే హెడ్మాస్టరు వచ్చి ఏంటమ్మా అని అడిగాడు.

"డ్యూటీల ఉన్న సారూ," అంది.

ఆయన నవ్వాపుకోలేక కుర్చీ వేయించాడు.

ఇంటర్వెల్‌లో మగపిల్లలు కనిపిస్తే చాలు, బాపమ్మ కేకేసేది. "ఓ పిలగా, మీ అయ్యది ఏ బాయిరా?" మా దగ్గర కొత్త మనిషిని ముందు అడిగేది అదే, ఏ గనిలో పని అని. వాడు చెప్పగానే ఈమె చుట్టరికం కలిపేసేది. "ఇగ మీ అయ్య మావోనికి బావ లెక్క. రా, కూసో." వారం సగం గడిచేసరికి క్లాసులో సగం మంది "అవ్వా అవ్వా" అంటూ ఆమె చుట్టూ చేరారు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

శుక్రవారం లెక్కల సారు నన్నూ ఒక అబ్బాయినీ బోర్డు దగ్గరికి పిలిచి ఒకే లెక్క ఇచ్చాడు. వాడు ముందే ముగించి చేతులెత్తి గెంతాడు. తీరా చూస్తే తప్పు. ఎక్కడ తప్పిందో నేను చూపిస్తే క్లాసంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు, నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను. తలతిప్పి చూస్తే కిటికీలో బాపమ్మ! అయిపోయింది, మళ్లీ అల్లికలే అనుకున్నాను.

ఆదివారం అన్నాల దగ్గర బాపు అడగనే అడిగాడు. "ఏంది అవ్వా, ఏం జూసినవ్?"

"నవ్వింది," అంది బాపమ్మ. "మొగపిల్లలతోని కలిసి పకపక నవ్వింది."

బాపు మొహం మాడిపోయింది.

"గంత గుర్రుగ జూడకు," అంది ఆమె. "బెల్లంపల్లిల బొగ్గు తట్టలు నేను మొగోళ్లతోని కలిసే మోసిన. నువ్వు కడుపుల ఉన్నప్పుడు గూడ మోసిన. అప్పుడు ఆడిదని ఎవడన్న పక్కకు జరిపిండా? బరువు మోసేకాడ లేని అడ్డం సదువుకాడ ఎందుకొచ్చెరా?"

బాపు నావైపు తిరిగాడు.

"లెక్కలు మంచిగ జెప్తున్నరా ఆడ?"

"మస్తు జెప్తున్నరు బాపు."

"అయితే ఆడనే సదువు," అన్నాడు.